ఆదివారం మధ్యాహ్నం గొంతు

దగ్గరికి జరుగు నాయనా, ఆ కొబ్బరి డొక్క ఇంకోటి మంటలో వెయ్యి. చలికని చెవులు కప్పేసుకుంటే ముచ్చటెలా వింటావు?

ఉషశ్రీ అంటే నువ్వు ఎవరో ఆడమనిషి అనుకుంటావు. ఆయన అసలు పేరు పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు. 1928లో పుట్టారు, ఊరు అప్పటి పశ్చిమ గోదావరిలో కాకరపర్రు. ఇంటిపేరులోనే పురాణం ఉంది, ఇక నోట్లో ఉండదూ? హైదరాబాదు ఆకాశవాణిలో కొన్నాళ్లు చేసి విజయవాడ కేంద్రానికి వచ్చారు. 1970లు, 80లలో ఆదివారం మధ్యాహ్నమంటే మాకు రేడియోలో ఆయన చెప్పే భారతమే.

అప్పట్లో రేడియో అంటే ఇప్పట్లా జేబులో వేసుకునేది కాదు. ఏడాదికి పదిహేను రూపాయల లైసెన్సు! పోస్టాఫీసులో కట్టి, పుస్తకంలో స్టాంపులు అంటించుకోవాల్సి వచ్చేది. తనిఖీకి ఎవరో వస్తున్నారని పుకారు పుడితే మా వీధిలో ఒకాయన రేడియోని వడ్ల గాదెలో దించేసేవాడు. ఒకసారి తొందరలో కట్టెయ్యకుండానే దించాడు. గాదె లోంచి పాడిపంటల కార్యక్రమం వినబడుతుంటే వచ్చినవాడు ఏమనుకోవాలి! ఎక్కడికో పోయాను... ఆ, ఆదివారం.

తలంటు పోసుకుని, పప్పుచారూ వడియాలతో భోంచేసి, ఆడవాళ్లు తడిజుట్టు ఆరబెట్టుకుంటూ మా అరుగు మీద చేరేవారు. మా పెద్దమ్మ రేడియోకి మందారపువ్వు పెట్టేది. తింటే గారెలు తినాలి, వింటే భారతం వినాలి అంటారుగా, ఆవిడ రెండూ ఒక్క రోజే కానిచ్చేది. కథ నడుస్తుంటే కుండ చప్పుడైనా ఊరుకునేది కాదు.

ఆ పని తేలికనుకోకు. హరిదాసుకి గజ్జెలున్నాయి, చిరతలున్నాయి. జనం ఆవలిస్తే ఒక పిట్టకథ వేసి లేపుతాడు. బుర్రకథకుడికి పక్కన వంతలున్నారు. రేడియోలో చెప్పేవాడికి ఏముంది? తలుపులు బిగించిన గది, మైకు, గోడ మీద గడియారం. ఎదురుగా ఊఁ కొట్టే మనిషి ఉండడు. అయినా ఉషశ్రీ చెబుతుంటే మా అరుగు మీదే కూర్చుని మా పెద్దమ్మతోనే మాట్లాడుతున్నట్టుండేది. బరువైన గొంతు, గబగబా పోని మాట. వ్యాసుడి మాటను మనింటి మాటగా మార్చి చెప్పేవారు. చివర ‘స్వస్తి’ అనగానే ఎవరి చీపురు వాళ్లు అందుకునేవారు. భద్రాచలంలో సీతారామ కల్యాణానికి ఆయన వ్యాఖ్యానం వింటుంటే, కదలకుండా పెళ్లిపీటల దగ్గర ఉన్నట్టే ఉండేది.

‘ధర్మసందేహాలు’ అని ఇంకో కార్యక్రమం. జనం ఉత్తరాలు రాస్తే ఆయన జవాబు చెప్పేవారు. మా ఊళ్లో ఇద్దరు బావామరుదులు కర్ణుడు మంచివాడా కాదా అని పోట్లాడుకుని మాటలు మానేశారు. కడకు చెరో పదిహేను పైసల కార్డు రాసి, చెరో ఇంట్లో రేడియో ముందు కాపు కాశారు. వారాలు గడిచాయి, వాళ్ల కార్డులు చదవలేదు. ఒక ఆదివారం ఒకడి రేడియోలో బ్యాటరీలు అయిపోయాయి. దాంతో రెండోవాడి అరుగెక్కక తప్పలేదు. మాటలు అక్కడే కలిశాయి. కర్ణుడి సంగతి అలాగే ఉండిపోయింది.

నవ్వకు. ఆ ఇద్దరిలో ఒకడికి అక్షరం రాదు, కార్డు నా చేత రాయించాడు. చదువురాని మనిషి కర్ణుడి కోసం బావమరిదితో మాటలు మానుకున్నాడంటే, కథ ఎంత లోపలికి వెళ్లిందో చూసుకో. ఉషశ్రీ తెలుగువాళ్లకు చేసిన మేలు అదీ.

1990లో పోయారు. ఆయన గొంతు రికార్డులు ఇప్పటికీ ఉన్నాయి, మీ ఫోన్లలో దొరుకుతాయట. వెతికి పెట్టు నాయనా, ద్రౌపది స్వయంవరం దగ్గర్నుంచి. నేను వింటాను, నువ్వూ కూర్చో.