క్లాస్ 66 డీజిల్ రైలు ఇంజను

క్లాస్ 66 అనేది బ్రిటన్‌లో గూడ్సు రైళ్ళను లాగడానికి వాడే ఒక డీజిల్-ఎలక్ట్రిక్ రైలు ఇంజను తరగతి. దీనిని అమెరికాకు చెందిన ఎలక్ట్రో-మోటివ్ డివిజన్ (ఇ.ఎం.డి.) సంస్థ రూపొందించింది. 1998లో ఇవి మొదటిసారి బ్రిటన్ చేరాయి. బ్రిటన్‌లోనూ, ఇతర ఐరోపా దేశాలలోనూ కలిపి ఈ రకపు ఇంజన్లు ఆరు వందలకు పైగా అమ్ముడయ్యాయి. ఈ ఇంజనుకు తయారైన చిన్న నమూనాలు బ్రిటన్‌లో నమూనా రైళ్ళ అభిరుచి గలవారికి బాగా పరిచితమైనవి.

నేపథ్యం

1980లలో బ్రిటిష్ రైల్ గూడ్సు ఇంజన్లు తరచుగా మరమ్మతుకు వచ్చేవి. రాతి గనుల సంస్థ అయిన ఫాస్టర్ యోమన్ దీనితో విసిగి, తన కంకర రైళ్ళ కోసం ఇ.ఎం.డి. నుండి నాలుగు ఇంజన్లను సొంతంగా కొనుగోలు చేసింది. 1986లో వచ్చిన ఈ క్లాస్ 59 ఇంజన్లు నమ్మకంగా పనిచేసి పేరు తెచ్చుకున్నాయి.

1990లలో బ్రిటిష్ రైల్ ప్రైవేటు పరమైంది. అమెరికాలోని విస్కాన్సిన్ సెంట్రల్ రైల్వే నాయకత్వంలోని బృందం సరుకు రవాణా విభాగాలలో అధిక భాగాన్ని కొని, 1996లో ఇంగ్లిష్ వెల్ష్ అండ్ స్కాటిష్ రైల్వే (ఇ.డబ్ల్యు.ఎస్.) అనే సంస్థను నెలకొల్పింది. ఈ సంస్థకు అనేక రకాల పాత ఇంజన్లు సంక్రమించాయి. ఒక్కొక్క రకానికి వేరు వేరు విడిభాగాలు, వేరు శిక్షణ అవసరమయ్యేవి. వీటి స్థానంలో ఒకే రకపు ఇంజన్లను ప్రవేశపెట్టాలని సంస్థ నిర్ణయించి, ఒకేసారి 250 ఇంజన్లకు ఆర్డరు ఇచ్చింది. ఇవి కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో ఉన్న లండన్ పట్టణంలో తయారై, ఓడలలో బ్రిటన్ చేరాయి. ఆవిరి రైలుకు పుట్టినిల్లయిన దేశం తన గూడ్సు ఇంజన్లను ఇంత పెద్ద సంఖ్యలో విదేశం నుండి తెప్పించుకోవడం విశేషం.

సాంకేతిక వివరాలు

క్లాస్ 66 రూపకల్పనలో కొత్తదనం కంటే పరీక్షకు నిలిచిన భాగాలకే ప్రాధాన్యం ఇచ్చారు. బ్రిటన్ సొరంగాలు, వంతెనలు ఇరుకైనవి కాబట్టి అక్కడి ఇంజన్ల ఎత్తు, వెడల్పులకు కఠినమైన పరిమితి ఉంది. ఆ పరిమితికి లోబడిన క్లాస్ 59 ఆకృతినే దీనికీ తీసుకున్నారు. క్లాస్ 59లో 16 సిలిండర్లు ఇచ్చిన శక్తిని ఇందులో పెద్దవైన 12 సిలిండర్లే ఇస్తాయి.

* డీజిల్ యంత్రం: ఇ.ఎం.డి. 710 శ్రేణి, 12 సిలిండర్లు, రెండు స్ట్రోకులు
* శక్తి: 3,300 అశ్వశక్తి
* గరిష్ఠ లాగుడు బలం: 409 కిలోన్యూటన్లు
* గరిష్ఠ వేగం: గంటకు 75 మైళ్ళు (సుమారు 120 కిలోమీటర్లు)
* బరువు: సుమారు 127 టన్నులు
* పొడవు: సుమారు 21.4 మీటర్లు

డీజిల్ యంత్రం చక్రాలను నేరుగా తిప్పదు. అది ఒక ఆల్టర్నేటరును తిప్పగా పుట్టిన విద్యుత్తు ఆరు ఇరుసులకు అమర్చిన మోటార్లను నడుపుతుంది. ఇరుసులు మూడేసి చొప్పున రెండు చక్రాల చట్రాలలో ఉంటాయి. సాంకేతికంగా ఈ చట్రాన్నే బోగీ అంటారు. తెలుగు వాడుకలో మాత్రం బోగీ అంటే రైలుపెట్టె. వంపులలో ఇరుసులు పట్టాల వాలుకు అనుగుణంగా కొద్దిగా తిరిగే ఏర్పాటు కూడా ఉంది.

ఇదే 710 శ్రేణికి చెందిన 16 సిలిండర్ల యంత్రాన్ని భారతీయ రైల్వేల డబ్ల్యుడిజి-4 గూడ్సు ఇంజనులో వాడారు. 1999లో దిగుమతితో మొదలైన డబ్ల్యుడిజి-4 తయారీ తరువాత వారణాసిలో కొనసాగింది.

వినియోగం, విమర్శలు

250 ఇంజన్లు 2000 నాటికి పూర్తిగా అందాయి. ఫ్రైట్‌లైనర్, జి.బి. రైల్‌ఫ్రైట్, డైరెక్ట్ రైల్ సర్వీసెస్ సంస్థలు కూడా ఇదే ఇంజనును ఎంచుకున్నాయి. బొగ్గు, కంకర, ఉక్కు, కంటెయినర్ల రవాణాలో ఇవి ప్రధాన పాత్ర వహించాయి.

అయితే పొదుపుకు మరొక పార్శ్వం ఉంది. డ్రైవరు గదిలో మోత, వేడి ఎక్కువగా ఉన్నాయని బ్రిటన్‌లోని డ్రైవర్లు ఫిర్యాదు చేశారు. రైలు అభిమానులు కూడా మొదట దీనిని ఆదరించలేదు. దీని రాకతో తమకు ప్రియమైన పాత ఇంజన్లు కనుమరుగు కావడం ఒక కారణం. పైకప్పు తీరును బట్టి దీనికి "షెడ్" అని ఎగతాళి పేరు పెట్టారు. ఆ పేరే తరువాత ముద్దుపేరుగా స్థిరపడింది.

గ్రేట్ హెక్ ప్రమాదం

2001 ఫిబ్రవరి 28న ఉత్తర యార్క్‌షైర్‌లోని గ్రేట్ హెక్ వద్ద ఒక మోటారు వాహనం రహదారి నుండి జారి రైలు పట్టాలపై పడింది. న్యూకాజిల్ నుండి లండన్ వెళ్ళే ప్రయాణికుల రైలు దానిని ఢీకొని పట్టాలు తప్పింది. అదే సమయంలో ఎదురుగా బొగ్గు రైలుతో వస్తున్న 66521 సంఖ్య గల ఇంజను ఆ రైలును ఢీకొన్నది. ఇద్దరు డ్రైవర్లతో సహా పదిమంది మరణించారు. వాహనం నడిపిన వ్యక్తికి శిక్ష పడింది. చేరి ఎంతో కాలం కాని 66521 మళ్ళీ పట్టాలెక్కలేదు. బొగ్గు రైలు డ్రైవరు స్మారకంగా ఆయన పేరును 66526 సంఖ్య గల ఇంజనుకు పెట్టారు.

ఉత్పత్తి ముగింపు

ఐరోపాలో పొగ కాలుష్యంపై నిబంధనలు కఠినతరం కావడంతో ఈ ఇంజను తయారీ ఆగిపోయింది. కెనడాలోని కర్మాగారం 2012లో మూతపడింది. ఆఖరి ఇంజను 66779కు 2016 మేలో యార్క్ నగరంలోని జాతీయ రైల్వే మ్యూజియంలో "ఈవినింగ్ స్టార్" అని నామకరణం చేశారు. బ్రిటిష్ రైల్ 1960లో నిర్మించిన తన చివరి ఆవిరి ఇంజనుకు కూడా ఇదే పేరు పెట్టింది.

నమూనాలు

బ్రిటన్‌లో నమూనా రైళ్ళకు ఎక్కువగా వాడే కొలతను "ఓఓ" అంటారు. ఇందులో అసలు వస్తువు 76.2 రెట్లు చిన్నదవుతుంది. ఈ లెక్కన క్లాస్ 66 నమూనా పొడవు సుమారు 28 సెంటీమీటర్లు. పట్టాల మధ్య దూరం కూడా ఇదే లెక్కన తగ్గితే 18.83 మిల్లీమీటర్లు ఉండాలి. కాని ఓఓలో అది 16.5 మిల్లీమీటర్లే. అందుచేత నమూనా ఎంత చక్కగా చేసినా ముందునుండి చూస్తే చక్రాలు కొంత దగ్గరగా కనిపిస్తాయి.

వంపులలో మరొక సర్దుబాటు అవసరమవుతుంది. ఇళ్ళలో సాధారణంగా వాడే ఒక వంపు వ్యాసార్థం 438 మిల్లీమీటర్లు. అసలు కొలతలో ఇది 33 మీటర్లు మాత్రమే. నిజమైన క్లాస్ 66 ఇంత బిగువైన వంపులో తిరగలేదు. అందువలన నమూనాలో చక్రాల చట్రాలు అసలు ఇంజనులో కంటే ఎక్కువగా పక్కకు తిరిగేలా ఖాళీ విడిచిపెడతారు.

ఇటలీకి చెందిన లిమా సంస్థ ఓఓ కొలతలో క్లాస్ 66 నమూనాను తయారుచేసింది. లిమా దివాలా తీశాక 2004లో దాని ఆస్తులు హార్న్‌బీ సంస్థకు చేరగా, ఆ అచ్చులతోనే హార్న్‌బీ చవకరకం నమూనాలను విడుదల చేసింది. బాక్‌మన్ తన సొంత నమూనాను ప్రవేశపెట్టింది. హాటన్స్ సంస్థ 2020లో మరింత సూక్ష్మ వివరాలతో కూడిన నమూనాలను అందించింది. 2024లో ఆ సంస్థ మూతపడింది. దాని క్లాస్ 66 అచ్చులు ఆక్యూరాస్కేల్ సంస్థకు దక్కాయి.

ఈ నమూనాలలో డీజిల్ యంత్రం ఉండదు. పట్టాల నుండి చక్రాల ద్వారా అందే విద్యుత్తుతో లోపలి చిన్న మోటారు తిరుగుతుంది. కొన్నింటిలో స్పీకరు అమర్చి, అసలు ఇంజను ధ్వనిని వినిపిస్తారు. అసలు ఇంజన్లన్నీ దాదాపు ఒకే ఆకారంలో ఉన్నా, వేరు వేరు సంస్థల రంగులు, సంఖ్యలు, పేర్లు వాటికి ఉన్నాయి. కాబట్టి తయారీదారులు ఒకే అచ్చుకు కొద్దిపాటి మార్పులతో అనేక నమూనాలను విడుదల చేయగలుగుతారు. విడిభాగాలు, శిక్షణ సులువు కావాలని అసలు ఇంజను విషయంలో అనుసరించిన ఏకరూపతా సూత్రమే నమూనాల తయారీకి కూడా లాభించింది.