నవాబు వేషంలో మా అబ్బ

2004 సంక్రాంతికి ఆదోనిలో మా ఇంటి కంప్యూటర్ మీద ఒక గ్రీటింగ్ కార్డు తయారుచేశాను. వెనకాల ఆదోని కోట. ముందు గద్దె మీద, చేతిలో హుక్కా గొట్టంతో ఒక నవాబు. మెడ పైన మాత్రం మా అబ్బ తలకాయ. కింద ఇలా రాశాను: "సిద్ది మసూద్ ఖాన్ తర్వాత ఆదోనికి మేమే నవాబు. పండక్కి రాని మనవళ్ళకు ఉగ్గాని బంద్!" పదిహేను కాపీలు తీసి, కవర్లు అంటించకుండా బుక్‌పోస్టులో బంధువులకు పంపాను. అబ్బ ఉండేది ఎమ్మిగనూరులో. ఆయన కార్డు నేనే బస్సెక్కి తీసుకుపోయాను.

ఇలాంటి వేళాకోళం కంప్యూటర్‌తోనే పుట్టిందని అప్పట్లో నా నమ్మకం. నిజానికి గ్రీటింగ్ కార్డు మొదటినుంచీ కొంచెం అల్లరిదే. 1843లో లండన్‌లో హెన్రీ కోల్, వచ్చిన ఉత్తరాలకు జవాబులు రాయలేక, జాన్ హార్స్‌లీతో బొమ్మ వేయించి క్రిస్మస్ కార్డు అచ్చువేయించాడు. అందులో చిన్నపిల్లతో సహా ఇంటిల్లిపాదీ వైన్ తాగుతున్నారని పెద్దమనుషులు మండిపడ్డారు. 1903లో కోడక్ కంపెనీ పోస్టుకార్డు సైజు ఫోటోలు తీసే కెమెరా తెచ్చింది. 1908 నాటికి అమెరికాలో, కాన్సస్ రాష్ట్రంలోని ఒటావా అనే ఊళ్ళో, స్టూడియో నడిపే విలియం మార్టిన్ ఫోటోలను కత్తిరించి, అతికించి, దాన్ని మళ్ళీ ఫోటో తీసి, బండికి ఒకే కంకి పట్టేంత మొక్కజొన్నలు పండించేశాడు. మా కర్నూలు ఉల్లిగడ్డ ఆయన కంట పడలేదు గానీ!

మా వైపు అంత దూరం పోనక్కరలేదు. ఎమ్మిగనూరులో జనవరిలో జరిగే నీలకంఠేశ్వరస్వామి జాతరలో ఫోటోల గుడారం ఉండేది. రంగులేసిన చెక్క విమానం వెనక నిలబడితే చాలు, పైలట్ అయిపోతాం. మా అబ్బ కూడా ఒకసారి అట్లా ఆకాశయానం చేశాడు. గ్రీటింగుల సంగతికొస్తే, డిసెంబరు చివర్లో ఫుట్‌పాత్ మీద సినిమా హీరోల కార్డులు కుప్పలుపోసి అమ్మేవాళ్ళు. కార్డు మీద హీరో, లోపల మన సంతకం. ఇంటికి కంప్యూటర్ వచ్చాక హీరో స్థానంలో మనమే కూర్చున్నాం.

నేను వాడింది ఆ విమానం ఫోటోనే. స్కాన్ చేసి, ఫోటోషాప్‌లో తల చుట్టూ గీత గీసి కత్తిరించాను. ఫోటోషాప్ 1990లోనే వచ్చినా, ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మను పొరలా పరిచి, కింది పొర చెడకుండా జరుపుకునే సదుపాయం 1994లో వచ్చింది. అది లేకపోతే నాలాంటివాడికి ఈ పని అయ్యేది కాదు. నవాబు పాత కేలెండర్ నుంచి వచ్చాడు. తెలుగే ఏడిపించింది. ఫోటోషాప్‌లో ఒత్తులు విడిపోయేవి. చివరికి వర్డ్‌లో విండోస్ ఎక్స్‌పీ వాళ్ళ గౌతమి ఫాంటుతో టైపు చేసి, తెర మీది అక్షరాలను బొమ్మగా పట్టుకొచ్చి అతికించాను. మెడ దగ్గర రంగు కలపడానికి ఒక రాత్రి పట్టింది.

అబ్బ కార్డు చూసి పడీ పడీ నవ్వాడు. వీధిలో నలుగురికీ చూపించాడు. తర్వాత కళ్ళద్దాలు పెట్టుకుని మళ్ళీ చూసి అన్నాడు: "మొగం నాదే. ఈ చేతులెవురివిరా? మగ్గం పట్టిన చేతులు ఇంత నున్నగా ఉంటాయా?"

నేనూ నవ్వేశాను. మెడ అతుకు గురించి తప్ప చేతుల గురించి ఆలోచించనేలేదు.

2009లో ఆయన పోయాక దండ వేయడానికి ఫోటో కోసం ఇల్లంతా వెతికాం. గుర్తింపు కార్డు ఫోటో భుజాల దాకానే ఉంది. విమానం ఫోటోలో మిగతా ఒళ్ళంతా చెక్క వెనక. మూడోది నా కార్డు. నలభై ఏళ్ళు గుంటమగ్గంలో కూర్చుని నాడె విసిరిన చేతులు ఒక్క ఫోటోలోనూ లేవు.

ఎమ్మిగనూరు నేత చరిత్ర రాయాలంటే తారీకులు దొరుకుతాయి. మాచాని సోమప్ప నేత సహకార సంఘాన్ని 1938లో పెట్టారు, ఆయనకు 1954లో పద్మశ్రీ వచ్చింది. ఆ సంఘానికి బట్ట నేసిన మనుషుల గురించి దొరికేది మా ఇంట్లో దొరికినంతే: జాతర ఫోటో, గుర్తింపు కార్డు, ఒక జోకు. జాతర గుడారంవాడు తల మాత్రం తీసుకున్నాడు. వాడి తర్వాత కత్తెర నా చేతికొచ్చింది, నేనూ అదే చేశాను. అప్పుడే డిజిటల్ కెమెరా అరువు తెచ్చి కోటను ఫోటో తీసినవాణ్ణి, ఎమ్మిగనూరు బస్సెక్కినప్పుడు దాన్ని ఇంట్లో వదిలేసి వెళ్ళాను.

గోడ మీద దండ వేసిన ఫోటో నా కార్డులోంచి కత్తిరించిందే. నవ్వు మొహం అదొక్కటే మరి. నవాబు తలపాగా తీసేశాం కానీ నుదుటి మీద దాని అంచు సన్నగా మిగిలిపోయింది. ఇంటి ప్రింటర్ ఇంకు కాబట్టి ఏటేటా రంగు వెలిసిపోతోంది. చూసినవాళ్ళు ఆ గీతను విభూతి అనుకుంటారు. మేం కాదనం.