దోమలన్నీ చావక్కర్లేదు

శంషాబాద్ ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల మలేరియా డిపార్ట్‌మెంట్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల ప్రకారం విమానాశ్రయం చుట్టూ 400 మీటర్ల వరకు దోమల్ని అదుపులో ఉంచాలి. సెల్లార్లలో నిలిచిన నీళ్లు, సైట్ల దగ్గర సిమెంటు తొట్లు, వానాకాలం గుంటలు వెతికి లార్వా ఉందేమో చూడటమే మా పని. "ఎంత మందు కొట్టినా దోమలు సావయి గద సార్, ఎందుకీ తిప్పలు?" అని మేస్త్రీలు అడిగేవారు. అన్నీ చావక్కర్లేదని చెప్పేవాణ్ణి. ఆ మాటను లెక్క గట్టి రుజువు చేసినవాడు డాక్టరు రొనాల్డ్ రాస్.

రాస్ పేరు చెబితే మనకు గుర్తొచ్చేది బేగంపేట పాత ఎయిర్‌పోర్టు పక్కనున్న బంగళా. 1897 ఆగస్టులో అక్కడ ఉక్కపోతకు ఆయన చెమట కారి మైక్రోస్కోపు మరలు తుప్పుపట్టాయి. కోసిపెట్టిన దోమలు ఎగిరిపోతాయని పంకా కూడా వద్దన్నాడు. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున తీసుకుని హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగి దోమలకు ఒళ్లప్పగించాడు. 16న అతని రక్తం తాగిన మచ్చరెక్కల దోమల్లో ఒకదాన్ని 20న కోస్తే, పొట్ట గోడ మీద గుండ్రటి కణాలు, వాటిలో నల్లటి రేణువులు కనిపించాయి. మలేరియా క్రిమిలో ఉండే నలుపే అది; అంటే ఆ క్రిమి దోమ ఒంట్లో ఎదుగుతోందన్నమాట. మరునాడు ఇంకో దోమలో అవే కణాలు, కాస్త పెద్దవిగా. ఈ సంగతిని డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్ అచ్చువేసింది. 1902లో నోబెల్ వచ్చింది.

ఆ రోజు గుర్తుగా ఏటా ఆగస్టు 20న మనం చేసే ఉపన్యాసాలు ఇక్కడికే ఆగిపోతాయి. నాకు అదే బాధ. ఈ డాక్టరు కవిత్వం రాశాడు, నవలలు రాశాడు, గణితం మీద ప్రాణం పెట్టుకున్నాడు. గుంటలు పూడ్చిన చోటికి బయటి దోమలు ఎంత దూరం నుంచి వస్తాయన్న ప్రశ్నను 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ సభలో లెక్కగా మార్చి చూపాడు. మారిషస్‌లో మలేరియాను పరిశీలించి 1908లో ఇచ్చిన నివేదికలో సమీకరణం రాశాడు. ఆ తర్వాత 'మలేరియా నివారణ' పుస్తకంలో దాన్ని విస్తరించాడు.

లెక్క సారం ఇది. రోగిని కుట్టిన ప్రతి దోమా జబ్బు అంటించలేదు. క్రిమి దాని ఒంట్లో ఎదగడానికి పది రోజులకు అటూ ఇటూ పడుతుంది, అప్పటికి చాలా దోమలు చచ్చిపోతాయి. మిగిలినవి మళ్లీ మనిషినే కుట్టాలి. మనిషికి ఇన్ని దోమలన్న నిష్పత్తి ఒక హద్దు దాటి తగ్గితే, కొత్తగా జబ్బుపడేవాళ్ల కంటే కోలుకునేవాళ్లే ఎక్కువవుతారు. దోమలు ఉంటాయి, మలేరియా పోతుంది. దోమల్ని పూర్తిగా తుడిచిపెట్టలేం గనక ఈ పనే వృథా అనే వాదనకు ఇంతకంటే గట్టి సమాధానం నాకు తెలియదు.

1916, 1917లలో ఆ లెక్కను ఇతర రోగాలకూ పనికొచ్చేలా మలిచి రాయల్ సొసైటీ పత్రికలో వరసగా పత్రాలు అచ్చువేశాడు. చివరి రెండింటినీ హిల్డా హడ్సన్ అనే గణితవేత్త ఆయనతో కలిసి రాసింది. రాస్ వెంట సియెర్రా లియోన్ వెళ్లొచ్చిన మెకెండ్రిక్, కెర్మాక్ అనే రసాయనవేత్తతో కలిసి 1927లో ఆ దారినే ముందుకు తీసుకెళ్లాడు. 2020లో కోవిడ్ ఎన్నాళ్లకు తగ్గుతుందని లెక్కలు కట్టినవాళ్లలో చాలామంది మొదలుపెట్టింది ఆ ఇద్దరి సమీకరణాలతోనే.