దస్తక్ నుండి కస్టమ్స్ బ్రోకరు వరకు: దిగుమతి సుంకానికి బాధ్యులెవరు?

1. ఉద్దేశాలు

ఈ పాఠాన్ని చదివిన తరువాత మీరు కింది అంశాలను వివరించగలుగుతారు:
– కంపెనీ కాలంలో సుంకం మినహాయింపు ఏవిధంగా దుర్వినియోగమైంది
– లోతట్టు సుంకాల రద్దు తరువాత రేవులో ఏజెంటు అవసరం ఎందుకు పెరిగింది
– నేటి చట్టంలో సరుకు యజమానికి, ఏజెంటుకు ఉన్న బాధ్యతలు ఏమిటి

2. పరిచయం

తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్ తెలిసినవారికి కమీషన్ వ్యాపారం కొత్త కాదు. సరుకు ఒకరిది, అమ్మిపెట్టేది మరొకరు. ధర పడిపోతే నష్టం సరుకుదారుదే. కమీషన్ వ్యాపారికి తన కమీషన్ ముడుతుంది. ఈ ఏర్పాటులో ఇద్దరే ఉన్నారు. విదేశాల నుండి సరుకు తెప్పించినపుడు మూడవ పక్షంగా ప్రభుత్వం ప్రవేశిస్తుంది. సరుకుదారు ఏలూరులో ఉంటాడు, ఏజెంటు విశాఖపట్నం రేవులో ఉంటాడు. సుంకం తక్కువ పడితే ప్రభుత్వం ఎవరిని అడగాలి? ఈ ప్రశ్నకు నేటి చట్టం ఇచ్చిన సమాధానం వెనుక నాలుగు వందల సంవత్సరాల అనుభవం ఉంది.

3. బందరు రేవు, దుబాషీలు

ఆంగ్లేయ ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరాన్ని నెలకొల్పింది. గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా 1632లో కంపెనీకి ఒక ఫర్మానా ఇచ్చాడు. దీనినే 'బంగారు ఫర్మానా' అంటారు. ఏటా 500 పగోడాలు చెల్లించి గోల్కొండ రాజ్యపు రేవులలో స్వేచ్ఛగా వర్తకం చేసుకునే హక్కు దీనివల్ల కంపెనీకి లభించింది. అంటే ప్రతి మూటకూ విడిగా సుంకం కట్టే బదులు ఏడాదికి ఒకే మొత్తం కట్టే ఏర్పాటు ఇది.

కొల్లేరుకు తూర్పున, దక్షిణాన ఉన్న ప్రాంతమంతా ఆనాడు ఈ వర్తకంతో ముడిపడి ఉండేది. పాలకొల్లులో డచ్చివారు, నరసాపురం దగ్గరి మాధవాయపాలెంలో ఆంగ్లేయులు స్థావరాలు ఏర్పరచుకున్నారు. విదేశీ వర్తకులకు భాష రాదు, నేతగాళ్లు తెలియరు. అందువల్ల దుబాషీలు, దళారులు, గుమాస్తాలు తప్పనిసరి అయ్యారు. ఇక్కడే చిక్కు మొదలైంది. మినహాయింపు కంపెనీ సరుకుకు మాత్రమే. సుంకం చావడి దగ్గర మూట చూపించే వ్యక్తి మాత్రం కంపెనీ గుమాస్తా. ఆ మూట కంపెనీదా, కంపెనీ ఉద్యోగి సొంతానిదా, గుమాస్తాదా అని తేల్చడం ఎలా?

4. దస్తక్ దుర్వినియోగం

ఈ చిక్కు పూర్తి రూపంలో కనిపించింది బెంగాల్‌లో. మొగలు చక్రవర్తి ఫరుఖ్‌సియర్ 1717లో ఇచ్చిన ఫర్మానా ప్రకారం కంపెనీ ఏటా 3,000 రూపాయలు చెల్లించి బెంగాల్‌లో సుంకం లేకుండా వర్తకం చేయవచ్చు. సరుకు వెంట కంపెనీ అధికారి ఇచ్చిన అనుమతి పత్రం ఉండాలి. దానినే 'దస్తక్' అన్నారు. కంపెనీ ఉద్యోగులు తమ సొంత వ్యాపారానికి కూడా దస్తక్‌లు వాడుకున్నారు. వాటిని స్థానిక వర్తకులకు అమ్ముకున్నారు కూడా. దీనితో నవాబు ఆదాయం పడిపోయింది, నిజాయితీగా సుంకం కట్టిన వర్తకుడు పోటీలో దెబ్బతిన్నాడు.

నవాబు మీర్ ఖాసిం 1763లో లోతట్టు సుంకాలను అందరికీ రద్దు చేశాడు. స్వదేశీ వర్తకులు కూడా కంపెనీవారితో సమానమయ్యారు. ఇది కంపెనీకి నచ్చలేదు. యుద్ధం వచ్చింది, అది 1764లో బక్సార్ యుద్ధానికి దారితీసింది. ఒకరి పేరు మీద మరొకరి సరుకు నడిస్తే, ఆ సరుకుకు జవాబు చెప్పేవాడు ఎవరూ ఉండరన్నది దస్తక్ చరిత్ర చెప్పే పాఠం.

5. లోతట్టు సుంకాల రద్దు, రేవు ఏజెంటు

1766లో నిజాముతో జరిగిన ఒప్పందంతో ఏలూరు సర్కారు కంపెనీ అధీనంలోకి వచ్చింది. 1802 నాటి శాశ్వత శిస్తు నిర్ణయంలో జమీందార్లకు భూమి శిస్తు వసూలు అధికారం మాత్రమే మిగిలింది. ఉప్పు, సాయరు సుంకాలను కంపెనీ తన చేతిలో ఉంచుకుంది. మద్రాసు రాజధానిలో లోతట్టు రవాణా సుంకాలను 1844 నాటి 6వ చట్టం రద్దు చేసింది.

ఈ మార్పు ఏలూరు వర్తకుడికి మేలు చేసింది. దారి పొడవునా సుంకం చావడుల బాధ తప్పింది. అయితే సుంకం ఇక సముద్రపు రేవులోనే నిర్ణయమవుతుంది. లోతట్టు వర్తకుడు ప్రతి సరుకు వెంట రేవుకు వెళ్లలేడు. 1890 దశకంలో బెజవాడ నుండి ఏలూరు, తాడేపల్లిగూడెం మీదుగా రైలు మార్గం వచ్చింది. 1933లో విశాఖపట్నం ఓడరేవు ప్రారంభమైంది. దూరపు రేవు దగ్గరైన కొద్దీ అక్కడ కాగితాలు నడిపే మనిషి అవసరం పెరిగింది.

6. చట్టం ఇచ్చిన సమాధానం

భారత ఒప్పందాల చట్టం (1872) ఏజెన్సీ సూత్రాలను స్పష్టపరచింది. యజమాని పనిలో భాగంగా ఏజెంటు చేసిన మోసం కూడా యజమానిని కట్టిపడేస్తుందని 238వ సెక్షన్ చెబుతుంది. సుంకాల విషయంలో 1878 నాటి సముద్ర కస్టమ్స్ చట్టం స్థానంలో కస్టమ్స్ చట్టం, 1962 వచ్చింది. ఇది 1963 ఫిబ్రవరి 1 నుండి అమలులో ఉంది. దీని 147వ సెక్షన్ మన ప్రశ్నకు నేరుగా జవాబిస్తుంది.

(అ) ఏజెంటు చేసిన పని యజమానికి తెలిసి, అతని సమ్మతితోనే జరిగినట్లు భావిస్తారు. కాదని రుజువు చేసే భారం యజమానిదే.

(ఆ) అధికారం పొందిన ఏజెంటును కూడా ఆ పని మేరకు యజమానిగానే పరిగణిస్తారు. దానివల్ల అసలు యజమాని బాధ్యత తొలగిపోదు.

(ఇ) ఏజెంటు ఉద్దేశపూర్వక చర్య, నిర్లక్ష్యం, లోపం లేకుండా సుంకం తక్కువ పడితే దానిని ఏజెంటు నుండి వసూలు చేయరాదు. యజమాని నుండి రాబట్టడం సాధ్యం కాదని అధికారి భావించినపుడు మాత్రమే ఏజెంటును అడగవచ్చు.

పూర్వం 'కస్టమ్స్ హౌస్ ఏజెంటు' అని పిలిచిన వ్యక్తిని 2013 నుండి 'కస్టమ్స్ బ్రోకరు' అంటున్నారు. ఇతనికి లైసెన్సు ఉండాలి. 2018 నాటి నిబంధనల ప్రకారం బ్రోకరు ఖాతాదారు గుర్తింపును, చిరునామాను సరిచూసుకోవాలి. సుంకం కోసం తీసుకున్న సొమ్మును వెంటనే ప్రభుత్వానికి జమచేయాలి.

7. ఒక ఉదాహరణ

కైకలూరులో ఒక వ్యాపారి చెరువుల రైతులకు అమ్మడానికి చైనా నుండి ఏరియేటర్లు తెప్పించాడనుకుందాం. విశాఖలోని బ్రోకరు అతని పేరున బిల్ ఆఫ్ ఎంట్రీ దాఖలు చేశాడు. తరువాత సుంకం తక్కువ కట్టినట్లు తేలింది.

వ్యాపారి తక్కువ ధర బిల్లు పంపి, అది బ్రోకరుకు తెలియకపోతే, బాకీ వ్యాపారిదే. బ్రోకరు నిర్లక్ష్యంగా తప్పు వర్గీకరణ చూపితే ప్రభుత్వం బ్రోకరును కూడా పట్టుకోవచ్చు. వ్యాపారి మాత్రం తప్పించుకోలేడు. సుంకానికి ఇచ్చిన సొమ్మును బ్రోకరు సొంతానికి వాడుకుంటే, ప్రభుత్వానికి వ్యాపారి బాకీ అలాగే ఉంటుంది. అతడు బ్రోకరుపై విడిగా దావా వేసి నష్టపరిహారం కోరవలసి ఉంటుంది. ప్రభుత్వానికి, వ్యాపారికి మధ్య ఉన్న సంబంధం వేరు. వ్యాపారికి, బ్రోకరుకు మధ్య ఉన్న సంబంధం వేరు. ఈ తేడాను విద్యార్థులు ప్రత్యేకంగా గమనించాలి.

ఇక వ్యాపారి తన దిగుమతి–ఎగుమతి కోడ్‌ను కమీషన్‌కు మరొకరికి వాడుకోనిచ్చాడనుకుందాం. ఇది దస్తక్ అమ్మకానికి నేటి రూపం. 2017లో దిగుమతిదారు నిర్వచనంలో సరుకు మీద వాస్తవంగా లాభం పొందే యజమానిని కూడా చేర్చారు. అందువల్ల తెర వెనుక ఉన్నవాడూ దొరుకుతాడు. దిగుమతిదారుగా పేరు పెట్టుకున్నవాడూ తప్పించుకోడు. 'అంతా ఏజెంటు చూసుకున్నాడు' అన్న మాట అధికారి ముందు చెల్లదు. కాబట్టి అధికార పత్రం, బిల్ ఆఫ్ ఎంట్రీ, సుంకం చలానా నకళ్లను వ్యాపారి తన దగ్గరే ఉంచుకోవాలి.

8. సారాంశం

కంపెనీ కాలంలో మినహాయింపు ఒకరిది, సరుకు మరొకరిది, బాధ్యత ఎవరిదీ కాదు. నేటి చట్టం ఈ లోపాన్ని సరిదిద్దింది. ఏజెంటును బాధ్యతలోకి తెచ్చింది, యజమానిని బాధ్యత నుండి వదలలేదు. పనిని అప్పగించవచ్చు, సుంకం బాకీని అప్పగించలేము.

9. నమూనా ప్రశ్నలు

I. కింది వాటికి 10 పంక్తులలో సమాధానం రాయండి.
1. బంగారు ఫర్మానా కంపెనీకి ఏ హక్కు ఇచ్చింది?
2. మీర్ ఖాసిం లోతట్టు సుంకాలను ఎందుకు రద్దు చేశాడు?

II. కింది వాటికి 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. దస్తక్ దుర్వినియోగాన్ని, నేటి దిగుమతి–ఎగుమతి కోడ్ దుర్వినియోగంతో పోల్చండి.
2. కస్టమ్స్ చట్టం 147వ సెక్షన్ ప్రకారం యజమాని, ఏజెంటుల బాధ్యతలను చర్చించండి.