బాలుని ఊపిరికి కొలబద్ద

1846లో లండనులో జాన్ హచిన్సన్ అను వైద్యుడు తాను రెండువేలకు పైగా మనుష్యులచేత ఊదించి తీసిన కొలతలను ప్రకటించినాడు. ఆయన స్పైరోమీటరులో ముఖ్యమైనది నీటిలో బోర్లించిన ఒక పాత్ర. ఊదిన గాలి చేరినకొద్దీ ఆ పాత్ర పైకి లేచును. లేచిన ఎత్తే గాలికి కొలత. నిండుగా పీల్చి పూర్తిగా విడిచిన గాలికి ఆయన వైటల్ కెపాసిటీ అని పేరు పెట్టి, అది మనిషి ఎత్తునుబట్టి పెరుగునని చూపినాడు. ఊదినవారు నావికులు, పోలీసులు, మల్లులు, అచ్చుపనివారు; అనగా చాలవరకు వయసు వచ్చినవారు.

1947లో ఫ్రాన్సులో టిఫ్నో, పినెల్లి అనువారు, ఎంత గాలి వచ్చినదను దానితో తృప్తిపడక, మొదటి సెకనులో ఎంత వచ్చినదో చూడవలెనన్నారు. ఉబ్బసరోగి ఊపిరితిత్తులలో గాలి చాలినంత ఉండవచ్చును. సన్నబడిన నాళములగుండా అది త్వరగా వెలికి రాలేదు.

అయితే ఈ పరీక్షకు ఒక చిక్కు ఉన్నది. థర్మామీటరు రోగి నిద్రపోతున్నా పనిచేయును. స్పైరోమీటరు అట్లు కాదు. ఊదువాడు సగము బలముతో ఊదిన, ఆరోగ్యవంతుడు సైతము రోగివలె కనిపించును. అందుచేత 1979లో అమెరికన్ థొరాసిక్ సొసైటీ మంచి పరీక్షకు లక్షణములు నిర్ణయించినది. ఊదుట తటపటాయింపు లేక ఒక్కసారిగా ఆరంభము కావలెను. మధ్యలో దగ్గు రాకూడదు. గాలి పూర్తిగా వెడలువరకు ఆపరాదు. ఒకసారి ఊదినదానికి మరియొకసారి ఊదినది సరిపోవలెను. 1994 నాటి నియమములలో, సాధారణముగా ఊదుట 6 సెకన్లు సాగవలెనని ఉన్నది.

ఈ 6 సెకన్ల దగ్గరనే పిల్లలకు చిక్కు వచ్చినది. అయిదేండ్ల బాలుని ఊపిరితిత్తులు చిన్నవి. వాటి పరిమాణముతో పోల్చిన గాలినాళములు వెడల్పైనవి. చిన్న కుండకు పెద్ద మూతి ఉన్నట్లు, లోపలి గాలి క్షణములో ఖాళీ అగును. కొందరికి ఒక సెకనైనా పట్టదు! అట్టివానిని "ఇంకా ఊదు, ఇంకా ఊదు" అని తొందరపెట్టి, ఊదలేదని కాగితము పారవేసిన, దోషము బాలునిది కాదు, కొలబద్దది. నష్టము మాత్రము బాలునికే: ఉబ్బసమున్నదో లేదో తేలక ఇంటికి పోవును.

2005లో అమెరికా, యూరపు సంఘములు కలిసి పదేండ్లలోపు వారికి 3 సెకన్లు చాలునన్నవి. 2007లో బడియీడు రాని పిల్లలకు ప్రత్యేకముగా, అర సెకను, ముప్పాతిక సెకను కొలతలను సూచించినవి.

పిల్లలను ఉత్సాహపరచుటకు యంత్రపు తెరపై కొవ్వొత్తులు చూపి ఆర్పమందురు. ఉపాయము మంచిదే, కాని దీపము ఆరగానే బాలుడు పని అయినదనుకొని ఊదుట ఆపివేయును! గాలి చివరివరకు పోయిన గాని ముగియని ఆట కావలెను. పరీక్షకుని ఓర్పు ఇంతకంటె అవసరము.

2019 నియమములు ఇంకొక అడుగు వేసినవి. ఆరేండ్లు దాటినవారికి రెండు ఉత్తమ కొలతల నడుమ 150 మిల్లీలీటర్లకు మించిన తేడా ఉండరాదు. ఆరేండ్లవరకు 100 మిల్లీలీటర్లు, లేక పెద్ద కొలతలో పదవవంతు, వీనిలో ఏది ఎక్కువైన అంత తేడాను ఒప్పుకొందురు. నిర్దిష్టముగా ఇన్ని సెకన్లు ఊదవలెనను నియమము పోయినది. మొదటి సెకను గడచిన తరువాత బాలుడు దగ్గినను, మొత్తము గాలి కొలత చెడవచ్చును గాని, ఆ మొదటి సెకను కొలతను వైద్యుడు ఉంచుకొనవచ్చును.