బఫర్‌బ్లోట్

రూటర్లు, మోడెంలలో డేటాను తాత్కాలికంగా ఉంచే బఫర్లు మితిమీరి పెద్దవై, ప్యాకెట్లు క్యూలో పేరుకుని ఆలస్యం పెరిగిపోయే స్థితి. 2010 చివర్లో జిమ్ గెటిస్ ఈ పేరును ప్రచారంలోకి తెచ్చారు.

ఇంటర్నెట్‌లో డేటా పంపే ప్రోటోకాల్ టీసీపీ, సంప్రదాయ రూపంలో ప్యాకెట్ పోతేనే వేగం తగ్గిస్తుంది. పెద్ద బఫర్ ప్యాకెట్‌ను పోనివ్వదు కనుక ఆ హెచ్చరిక ఆలస్యంగా అందుతుంది. అప్‌లోడ్ వేగం సెకనుకు 1 మెగాబిట్ ఉన్నచోట 256 కిలోబైట్ల బఫర్ నిండితే, వెనక వచ్చిన ప్యాకెట్ సుమారు 2 సెకన్లు ఆగాలి. ఇంట్లో ఒకరు ఫోటోలు పంపుతుంటే, పక్కగదిలో అమెరికాలోని కొడుకుతో వీడియోకాల్‌లో ఉన్న తల్లికి మాట తెగిపోవడానికి తరచూ ఇదే కారణం. డౌన్‌లోడ్ వేగాన్ని మాత్రమే కొలిచే స్పీడ్ టెస్టులో ఈ బాధ కనిపించదు.

ప్యాకెట్లు విడగొట్టే పనిని నెట్‌వర్క్ కార్డుకు వదిలే ‘ఆఫ్‌లోడింగ్’ ఈ ఆలస్యాన్ని మరింత పెంచగలదు. ప్రాసెసర్ 64 కిలోబైట్ల దాకా డేటాను ఒకే ముద్దగా నెట్‌వర్క్ కార్డుకు అప్పగిస్తే, కార్డే దాన్ని 1,500 బైట్ల ప్యాకెట్లుగా విడగొడుతుంది. గిగాబిట్ లైనుకు అది అర మిల్లీసెకను పని, మేలే. 1 మెగాబిట్ లైను మాత్రం అర సెకను మూసుకుపోతుంది. అక్కడ ఆఫ్‌లోడింగ్ ఆపేయడమే మంచిది.

బఫర్‌బ్లోట్‌కు పరిష్కారంగా 2012లో కాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ ‘కోడెల్’ పద్ధతిని ప్రకటించారు. అది క్యూ పొడవును కాక, ప్యాకెట్ అందులో గడిపిన సమయాన్ని చూస్తుంది. 100 మిల్లీసెకన్ల పాటు ఆ నిరీక్షణ 5 మిల్లీసెకన్ల కిందికి దిగకపోతే ప్యాకెట్లను పారేయడం మొదలుపెడుతుంది.