భారతదేశ ఆయుధ కొనుగోళ్ళపై విదేశీ మైత్రుల ప్రభావం

భారతదేశ ఆయుధ కొనుగోళ్ళు 1947 నుండి దేశ విదేశాంగ సంబంధాలలో వచ్చిన మార్పులను అనుసరించి మారుతూ వచ్చాయి. స్వాతంత్ర్యానంతరం తొలి దశాబ్దంలో భారత్ ఎక్కువగా బ్రిటన్, ఫ్రాన్స్ దేశాల నుండి ఆయుధాలను కొన్నది. 1962 తరువాత దాదాపు మూడు దశాబ్దాల పాటు సోవియట్ యూనియన్ ప్రధాన సరఫరాదారుగా నిలిచింది. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైన తరువాత రష్యాతో పాటు ఇజ్రాయెల్, ఫ్రాన్స్, అమెరికా దేశాల వాటా పెరిగింది.

ఒక యుద్ధవిమానం గానీ, నౌక గానీ సాధారణంగా ముప్పై, నలభై సంవత్సరాలు సేవలో ఉంటుంది. అంతకాలమూ విడిభాగాలకు, మందుగుండుకు, మరమ్మతులకు అమ్మిన దేశంపై ఆధారపడవలసి వస్తుంది. రాజకీయ మైత్రులు అంతకంటే త్వరగా మారుతుంటాయి. అందువలన ఒకనాటి స్నేహంలో కొన్న ఆయుధం ఆ స్నేహం సన్నగిల్లిన తరువాత కూడా కొన్న దేశపు నిర్ణయాలను ప్రభావితం చేస్తూనే ఉంటుంది.

తొలి దశ (1947 - 1962)

స్వాతంత్ర్యం నాటికి భారత సైన్యం వద్ద ఉన్నవి దాదాపు అన్నీ బ్రిటీషు ఆయుధాలే. ఆ తరువాత కొన్న వాంపైర్, హంటర్, కాన్‌బెర్రా, నాట్ విమానాలు కూడా బ్రిటన్‌వే. 1961లో నౌకాదళంలో చేరిన తొలి విమాన వాహక నౌక విక్రాంత్‌కు పూర్వనామం హెర్క్యులిస్. దాని నిర్మాణం బ్రిటన్‌లో సగంలో ఆగిపోగా భారత్ కొనుగోలు చేసి పూర్తి చేయించింది. ఒక్క దేశంపైనే ఆధారపడకుండా ఫ్రాన్స్ నుండి ఊరగాన్ విమానాలను తెప్పించి వాటికి తూఫానీ అని పేరు పెట్టారు. ఆ తరువాత మిస్టేర్ విమానాలనూ అక్కడి నుండే కొన్నారు.

1954లో పాకిస్తాన్ అమెరికాతో రక్షణ సహాయ ఒప్పందం చేసుకుని, సీటో కూటమిలోను, మరుసటి సంవత్సరం బాగ్దాద్ ఒడంబడికలోను చేరింది. వాటి ఫలితంగా పాకిస్తాన్‌కు పాటన్ ట్యాంకులు, సేబర్ విమానాలు, తరువాత ఎఫ్-104 స్టార్‌ఫైటర్ విమానాలు లభించాయి. అలీన విధానాన్ని అనుసరిస్తున్న భారత్‌కు వీటికి దీటైన ఆయుధాలను సమకూర్చుకోవడం అవసరమైంది.

సోవియట్ యూనియన్ వైపు మొగ్గు (1962 - 1971)

1962లో మిగ్-21 విమానాల కొనుగోలుకు, వాటిని భారత్‌లోనే తయారు చేయడానికి సోవియట్ యూనియన్‌తో అంగీకారం కుదిరింది. ఆ సంవత్సరం అక్టోబరు, నవంబరులలో చైనాతో యుద్ధం జరిగినప్పుడు అమెరికా, బ్రిటన్‌లు భారత్‌కు అత్యవసర సైనిక సహాయం పంపాయి. అయితే ఈ సాన్నిహిత్యం ఎక్కువ కాలం కొనసాగలేదు. పాకిస్తాన్‌కు ఇచ్చిన స్టార్‌ఫైటర్ విమానాలను భారత్ కోరగా 1964లో అమెరికా నిరాకరించింది. కొత్త జలాంతర్గాములను అనుకూలమైన పరపతిపై ఇవ్వడానికి బ్రిటన్ ముందుకు రాలేదు. ఈ రెండు అవసరాలకూ భారత్ సోవియట్ యూనియన్‌ను ఆశ్రయించింది. 1967 డిసెంబరు 8న రీగా నగరంలో భారత నౌకాదళంలో చేరిన కల్వరి దేశపు తొలి జలాంతర్గామి.

1965 యుద్ధ సమయంలో అమెరికా రెండు దేశాలకూ ఆయుధ సరఫరాను నిలిపివేసింది. అమెరికా ఆయుధాలపైనే ఆధారపడిన పాకిస్తాన్‌కు దీని దెబ్బ ఎక్కువగా తగిలింది. దానితో పాకిస్తాన్ చైనా వైపు తిరిగి ఎఫ్-6 విమానాలు, టి-59 ట్యాంకులు తెచ్చుకుంది. మరోవైపు సోవియట్ యూనియన్ కూడా 1968లో పాకిస్తాన్‌కు ఆయుధాలు అమ్మడానికి అంగీకరించింది. భారత్ దీనికి అభ్యంతరం తెలిపింది. ఈ సరఫరా కొద్దికాలానికే ఆగిపోయింది.

1971 ఆగస్టు 9న భారత్, సోవియట్ యూనియన్‌లు శాంతి, మైత్రి, సహకార ఒప్పందంపై సంతకాలు చేశాయి. అదే సంవత్సరం డిసెంబరులో సోవియట్ తయారీ క్షిపణి పడవలతో భారత నౌకాదళం కరాచీ రేవుపై దాడి చేసింది. అమెరికా నుండి పాకిస్తాన్ పొందిన ఘాజీ జలాంతర్గామి విశాఖపట్నం సమీపంలో మునిగిపోయింది.

సోవియట్ ఆయుధాల లాభనష్టాలు

సోవియట్ ఆయుధాలు దీర్ఘకాలిక రుణంపై, తక్కువ వడ్డీకి లభించేవి. చెల్లింపులు రూపాయలలో, చాలావరకు సరుకుల ఎగుమతి ద్వారా జరిగేవి. విదేశీ మారక ద్రవ్యం కొరతగా ఉన్న రోజులలో ఇది పెద్ద వెసులుబాటు. దేశంలోనే తయారు చేయడానికి లైసెన్సు ఇవ్వడం మరొక ఆకర్షణ. మిగ్-21 కోసం నాసిక్‌లో విమాన దేహాలకు, కోరాపుట్‌లో ఇంజన్లకు, హైదరాబాదులో ఎలక్ట్రానిక్ పరికరాలకు కర్మాగారాలు వెలిశాయి.

అయితే లైసెన్సు ఉన్నంత మాత్రాన పూర్తి స్వేచ్ఛ లభించలేదు. 1976లో ఈజిప్టు సోవియట్ యూనియన్‌తో మైత్రీ ఒప్పందాన్ని రద్దు చేసుకుంది. తన మిగ్ విమానాలకు విడిభాగాలు ఇవ్వమని ఈజిప్టు భారత్‌ను కోరినప్పుడు సోవియట్ ప్రభుత్వం అనుమతించలేదు. భారత్ ఆ నిర్ణయానికి కట్టుబడవలసి వచ్చింది.

ఈ పరిస్థితిని సరిదిద్దడానికి భారత్ పశ్చిమ ఐరోపా నుండి కూడా కొనుగోళ్ళు చేసింది. 1978లో బ్రిటన్ నుండి జాగ్వార్ విమానాలను, 1981లో పశ్చిమ జర్మనీ జలాంతర్గాములను, 1982లో ఫ్రాన్స్ మిరాజ్-2000 విమానాలను ఎంచుకున్నారు. 1986లో స్వీడన్ సంస్థ బోఫోర్స్ నుండి 410 శతఘ్నులకు ఒప్పందం జరిగింది. మరుసటి సంవత్సరం ముడుపుల ఆరోపణలు బయటపడడంతో ఆ సంస్థతో వ్యాపారాన్ని నిలిపివేశారు.

1991 తరువాత

సోవియట్ యూనియన్ విచ్ఛిన్నం కావడంతో భారత సైన్యానికి తీవ్రమైన విడిభాగాల కొరత ఏర్పడింది. ఒకే దేశంలో ఉన్న కర్మాగారాలు వేర్వేరు దేశాలలోకి వెళ్ళిపోయాయి. ఆన్-32 రవాణా విమానాల తయారీదారు, యుద్ధనౌకల గ్యాస్ టర్బైన్లను చేసే సంస్థ ఉక్రెయిన్‌లో మిగిలాయి. పాత రూపాయి చెల్లింపుల పద్ధతికీ కాలం చెల్లింది.

అయినా రష్యాతో సంబంధం తెగిపోలేదు. 1996లో సుఖోయ్-30 విమానాల కొనుగోలుకు, 1998లో బ్రహ్మోస్ క్షిపణి ఉమ్మడి తయారీకి ఒప్పందాలు జరిగాయి. అయితే అడ్మిరల్ గోర్ష్‌కోవ్ నౌక విషయంలో ధర పెద్ద చర్చకు దారితీసింది. 2004లో దాదాపు 97 కోట్ల డాలర్లకు కుదిరిన ఆధునికీకరణ ఖర్చు 2010 నాటికి దాదాపు 235 కోట్ల డాలర్లకు చేరింది. ఆ నౌక విక్రమాదిత్య పేరుతో 2013లో భారత్‌కు అందింది.

1992లో ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు ఏర్పడ్డాయి. 1999 కార్గిల్ యుద్ధ సమయంలో మిరాజ్ విమానాల నుండి లేజర్ బాంబులను వేయడానికి ఇజ్రాయెల్ పరికరాలు ఉపయోగపడ్డాయి. 2004లో భారత్ ఫాల్కన్ రాడారును కొన్నది. రష్యన్ నమూనా విమానంపై ఇజ్రాయెల్ రాడారును అమర్చిన వ్యవస్థ ఇది. ఇదే రాడారును చైనాకు అమ్మబోయిన ఇజ్రాయెల్ 2000లో అమెరికా ఒత్తిడితో ఆ అమ్మకాన్ని రద్దు చేసుకుంది. భారత్ విషయంలో అమెరికా అడ్డు చెప్పలేదు.

అమెరికాతో సంబంధాలు

1998 మే నెలలో పోఖ్రాన్ అణుపరీక్షల తరువాత అమెరికా ఆంక్షలు విధించింది. తేలికపాటి యుద్ధవిమానం తేజస్ రూపకల్పనలో అమెరికా సంస్థల సహకారం ఆగిపోయింది. బ్రిటన్ నుండి కొన్న సీ కింగ్ హెలికాప్టర్లలోనూ అమెరికా భాగాలు ఉండడంతో వాటి మరమ్మతులకు ఆటంకం కలిగింది. ఒక దేశం నుండి కొన్న ఆయుధానికి మరొక దేశపు ఆంక్షలు వర్తించగలవని దీని వలన స్పష్టమైంది.

2001 సెప్టెంబరులో ఆంక్షలను ఎత్తివేశారు. 2005లో రక్షణ సహకార ఒప్పందం, 2008లో పౌర అణు ఒప్పందం కుదిరాయి. ఆ తరువాత సి-130జె, సి-17 రవాణా విమానాలు, పి-8ఐ సముద్ర నిఘా విమానాలు, అపాచీ, చినూక్ హెలికాప్టర్లు భారత్‌కు వచ్చాయి.

2018 అక్టోబరులో భారత్ రష్యా నుండి ఎస్-400 గగనతల రక్షణ వ్యవస్థలను దాదాపు 543 కోట్ల డాలర్లకు కొనడానికి ఒప్పందం చేసుకుంది. రష్యా ఆయుధాలు కొనే దేశాలపై ఆంక్షలు విధించే చట్టాన్ని అమెరికా అంతకు ముందు సంవత్సరమే చేసింది. ఇదే వ్యవస్థను కొన్న టర్కీని అమెరికా 2019లో ఎఫ్-35 విమాన పథకం నుండి తొలగించి, 2020లో ఆంక్షలు కూడా విధించింది. 2021 చివరిలో సరఫరా మొదలైన తరువాత కూడా భారత్‌పై ఈ కొనుగోలుకు ఆ చట్టం కింద ఆంక్షలు విధించలేదు. చైనాకు ప్రతిగా భారత్ సహకారం అవసరమని అమెరికా భావించడం ఇందుకు కారణంగా విశ్లేషకులు పేర్కొంటారు.

ఉక్రెయిన్ యుద్ధం ప్రభావం

2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్‌పై దాడి చేసిన తరువాత రష్యా నుండి రావలసిన సరఫరాలలో జాప్యం జరిగింది. చెల్లింపులకూ ఆటంకాలు ఎదురయ్యాయి. 2024 డిసెంబరులో నౌకాదళంలో చేరిన తుషీల్ యుద్ధనౌకను రష్యా నిర్మించగా, దాని ఇంజన్లు ఉక్రెయిన్‌లో తయారయ్యాయి. పరస్పరం యుద్ధం చేస్తున్న రెండు దేశాల ఉత్పత్తులు ఒకే నౌకలో ఉండడం విశేషం.

స్టాక్‌హోం అంతర్జాతీయ శాంతి పరిశోధనా సంస్థ లెక్కల ప్రకారం భారత ఆయుధ దిగుమతులలో రష్యా వాటా 2010-14లో 72 శాతం, 2015-19లో 55 శాతం, 2020-24లో 36 శాతం. 2020-24లో ఫ్రాన్స్ వాటా 33 శాతానికి చేరింది. 2016లో 36 రాఫెల్ విమానాలకు, 2025 ఏప్రిల్‌లో నౌకాదళం కోసం మరో 26 విమానాలకు ఫ్రాన్స్‌తో ఒప్పందాలు జరిగాయి.

పాకిస్తాన్‌తో పోలిక

1980లలో ఆఫ్ఘనిస్తాన్ యుద్ధం కారణంగా అమెరికా పాకిస్తాన్‌కు ఎఫ్-16 విమానాలను అమ్మింది. సోవియట్ సేనలు వెళ్ళిపోయాక, 1990లో అణు కార్యక్రమాన్ని కారణంగా చూపి సహాయాన్ని నిలిపివేసింది. పాకిస్తాన్ డబ్బు చెల్లించిన 28 విమానాలు అమెరికాలోనే ఉండిపోయాయి. 2001 తరువాత సంబంధాలు మెరుగైనా, పాకిస్తాన్ క్రమంగా చైనాపై ఆధారపడింది. పై సంస్థ లెక్కల ప్రకారం 2020-24లో పాకిస్తాన్ దిగుమతులలో చైనా వాటా 81 శాతం.

స్వదేశీ తయారీ

పరాధీనతను తగ్గించడానికి 2020 నుండి భారత్ దిగుమతి చేసుకోరాని ఆయుధాల జాబితాలను ప్రకటిస్తూ వచ్చింది. 2021లో 83 తేజస్ విమానాలకు ఆర్డరు ఇచ్చారు. అయితే వాటి ఇంజన్లు అమెరికా నుండి రావలసినవే. ఇంజన్ల సరఫరా ఆలస్యం కావడంతో విమానాల అందజేత కూడా వెనుకబడింది.

తెలుగు ప్రాంతాలతో సంబంధం

1970లో హైదరాబాదులో ఏర్పడిన భారత్ డైనమిక్స్ సంస్థ ఫ్రాన్స్ లైసెన్సుతో ఎస్ఎస్-11, మిలాన్ ట్యాంకు విధ్వంసక క్షిపణులను, రష్యన్ లైసెన్సుతో కొంకుర్స్ క్షిపణులను తయారు చేసింది. ఎద్దుమైలారంలోని మెదక్ ఆయుధ కర్మాగారంలో సోవియట్ బిఎంపి-2 వాహనాలు శరత్ పేరుతో తయారయ్యాయి. హైదరాబాదు సమీపంలోని ఆదిభట్లలో 2018 నుండి అమెరికా అపాచీ హెలికాప్టర్ల దేహభాగాలు తయారవుతున్నాయి.

విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌లో సోవియట్ జలాంతర్గామి కురుసుర 2002 నుండి, టి.యు-142 నిఘా విమానం 2017 నుండి ప్రదర్శనశాలలుగా ఉన్నాయి. టి.యు-142 స్థానంలో నౌకాదళంలోకి వచ్చినవి అమెరికా పి-8ఐ విమానాలు.

ఇవి కూడా చూడండి

అలీనోద్యమం
తాష్కెంట్ ఒప్పందం
భారత్ డైనమిక్స్ లిమిటెడ్
కురుసుర జలాంతర్గామి ప్రదర్శనశాల